మన్‌స్టర్ 16, లెన్‌స్టర్ 15: ఆ డ్రాప్ గోల్ వెనకున్న ఆటను టీవీ ఎందుకు చూపించదు?

థోమండ్ గాలి:
2023 మే 13, డబ్లిన్ అవీవా స్టేడియం, రగ్బీలో యూఆర్‌సీ (యునైటెడ్ రగ్బీ ఛాంపియన్‌షిప్) లీగ్ సెమీఫైనల్. ఐర్లండ్ ప్రావిన్సుల జట్లయిన మా మన్‌స్టర్, లెన్‌స్టర్ మధ్య పోటీ. నిన్న రాత్రి ఈ మ్యాచ్ మొత్తం మళ్లీ పెట్టుకుని చూశాను. ఫలితం తెలిసినా చివరి పది నిమిషాలు టెన్షన్ తప్పలేదు. లీగ్ పట్టికలో లెన్‌స్టర్‌ది మొదటి స్థానం, మన్‌స్టర్‌ది ఐదో స్థానం. క్వార్టర్ ఫైనల్‌కి గ్లాస్గో వెళ్లి 14-5తో గెలిచాం, సెమీస్‌కి డబ్లిన్ వెళ్లాం, ఫైనల్‌కి కేప్‌టౌన్ వెళ్లి స్టార్మర్స్‌ను 19-14తో ఓడించి కప్పు తెచ్చుకున్నాం. నాకౌట్లలో ఒక్క మ్యాచ్ కూడా సొంత మైదానంలో దొరకలేదు. 2011 తర్వాత మన్‌స్టర్‌కి వచ్చిన మొదటి ట్రోఫీ అదే. అందుకే ఆ ఒక్క పాయింట్ గెలుపంటే నాకు ప్రాణం.

అసలు చెప్పాలనుకున్నది వేరే. ఆ మ్యాచ్ గురించి నేను చూసిన క్లిప్పులన్నీ ఒకే చోట మొదలవుతాయి. బంతి మా ఫ్లై హాఫ్ (ఆట నడిపించే ఆటగాడు) జాక్ క్రౌలీ చేతుల్లోకి వస్తుంది, నేల మీదికి వదిలి కాలితో కొడతాడు, గోల్ కర్రల మధ్యనుంచి వెళుతుంది (డ్రాప్ గోల్ అంటే అదే), అరుపులు. క్రౌలీ గొప్పగా కొట్టాడు, అందులో వాదన లేదు. కానీ అతనికి ఆ చోటు ఎవరిచ్చారు? ముందున్న ఫార్వర్డ్స్ (బంతి కోసం గుద్దుకునే బరువైన ఆటగాళ్లు) ఒక్కొక్కరూ తల వంచుకుని డిఫెన్స్‌లోకి దూరి, బంతి పోకుండా కాపాడి, మళ్లీ లేచి ఇంకోసారి దూరితేనే కదా ఆ కిక్. అది క్లిప్పుల్లో ఉండదు, లైవ్ ప్రసారాల్లో కూడా సరిగా కనబడదు. రక్ (కిందపడిన ఆటగాడి మీద బంతి కోసం రెండు జట్లూ తోసుకునే గుంపు) జరిగిన ప్రతిసారీ కెమెరా దగ్గరికి వెళ్లిపోతుంది. అక్కడ కనబడేది వీపులు, బూట్లు. ఆ సమయంలో మిగతా ఇరవై మంది ఎక్కడ నిలబడుతున్నారన్నదే రగ్బీ.

నా అభిప్రాయం ఒక్కటే: రగ్బీని వెడల్పుగా చూపించాలి. మీరేమంటారు?

బ్లూ వింగర్:
లెన్‌స్టర్ అభిమానిని. గెలిచారు, అభినందనలు, మూడేళ్ల నుంచి చెబుతూనే ఉన్నా. కానీ కథలో సగం వదిలేస్తే ఒప్పుకోను. ఆ తర్వాతి శనివారం అదే అవీవాలో మాకు యూరప్ క్లబ్బుల ఛాంపియన్స్ కప్ ఫైనల్ ఉంది. మా కోచ్ లియో కల్లెన్ ముఖ్యమైన ఆటగాళ్లలో చాలామందికి విశ్రాంతి ఇచ్చాడు. మీరు పూర్తి బలంతో వచ్చారు. ఆ సంగతి చెప్పకుండా "మొదటి స్థానం జట్టును ఓడించాం" అంటే ఎలా?

థోమండ్ గాలి:
బ్లూ వింగర్ గారూ, విశ్రాంతి ఇచ్చిన మాట నిజమే. కానీ ఆ రోజు నీలం చొక్కా వేసుకున్న వాళ్లెవరూ అనామకులు కారు. లెన్‌స్టర్ రెండో జట్టు కూడా చాలా దేశాల క్లబ్బులకు మొదటి జట్టుతో సమానమని మీరే ఈ వేదికలో ఎన్నోసార్లు రాశారు. ఓడినప్పుడు మాత్రం అది బలహీనమైన జట్టు ఎలా అవుతుంది? సెమీఫైనల్ సెమీఫైనలే. ఎవరిని ఆడించాలన్నది మీ కోచ్ నిర్ణయం. గెలుపు విలువ దానివల్ల తగ్గదు.

ప్రాప్ మూడో నంబర్:
గెలుపు విలువ గురించి పోట్లాట తర్వాత. వెడల్పు షాట్ విషయంలో ఓపీకి (చర్చ మొదలుపెట్టినవారికి) నా ఓటు.

డ్రాప్ గోల్ ఎలా పుడుతుందో టీవీలో చూసి నేర్చుకోవడం చాలా కష్టం. ముందు ఫార్వర్డ్స్ బంతిని కర్రలకు ఎదురుగా తీసుకురావాలి. పక్కకు పోతే కోణం చెడిపోతుంది. అందుకని లాభం రాకపోయినా ఒకే చోట గుద్దుకుంటూ ఉంటారు. ఈలోగా ఫ్లై హాఫ్ మెల్లగా వెనక్కి జరుగుతాడు, ఆ చోటునే పాకెట్ అంటారు. డిఫెన్స్ వాళ్లు కూడా అది చూస్తారు. రక్ చివరన ఉన్నవాడు బంతి బయటికి రాగానే దూకి కిక్‌ను అడ్డుకోవడానికి సిద్ధంగా ఉంటాడు. అటాక్ వైపు ఒకరిద్దరు ఫార్వర్డ్స్ రక్ పక్కన సరిగ్గా నిలబడి వాడి దారికి అడ్డమవుతారు. తర్వాత స్క్రమ్ హాఫ్ (రక్ నుంచి బంతి తీసి అందించేవాడు) పాస్ ఛాతీ ఎత్తులో, వేగంగా వెళ్లాలి. కొట్టేవాడు బంతిని నేల మీదికి వదిలి, అది తాకి లేచే క్షణంలోనే కొట్టాలి.

ఇందులో క్లోజప్‌లో కనబడేది చివరి వాక్యం ఒక్కటే. స్టాండ్‌లో కూర్చున్నవాడికి ఫ్లై హాఫ్ వెనక్కి జరిగినప్పుడే తెలిసిపోతుంది, ఊపిరి బిగబడతాడు. ఇంట్లో చూసేవాడికి మాత్రం కిక్ హఠాత్తుగా ఊడిపడుతుంది.

కొత్త ప్రేక్షకుడు:
అన్నలూ, నేను రగ్బీ చూడటం ఈమధ్యే మొదలుపెట్టాను. ఒక సందేహం. డ్రాప్ గోల్‌కి మూడే పాయింట్లు, ట్రైకి (గీత దాటి బంతిని నేలకు తాకిస్తే) ఐదు, దాని మీద కన్వర్షన్‌కి (ట్రై తర్వాత కర్రల మధ్యకు కొట్టే కిక్) రెండు. అలాంటప్పుడు ఎందుకు ట్రై కోసం చూడరు?

ప్రాప్ మూడో నంబర్:
తమ్ముడూ, స్కోరు 13-15 ఉండి గడియారంలో నిమిషాలు అయిపోతుంటే ఐదు పాయింట్లు ఎందుకు? రెండు పాయింట్లు వెనకబడ్డ జట్టుకి మూడు చాలు. ట్రై కోసం గీత దగ్గరికి వెళ్లేకొద్దీ డిఫెన్స్ గట్టిపడుతుంది, బంతి జారిపోయే ప్రమాదం పెరుగుతుంది.

లైనవుట్ లక్ష్మి:
ఈ విషయంలో మన్‌స్టర్ వాళ్లకు పెద్ద వారసత్వమే ఉంది. 2011 నవంబర్‌లో మన్‌స్టర్ సొంత మైదానం థోమండ్ పార్క్‌లో ఇంగ్లండ్ జట్టు నార్తాంప్టన్‌తో మ్యాచ్. సమయం అయిపోయాక 41 ఫేజుల (ఒక రక్ నుంచి ఇంకో రక్ దాకా సాగే ఆట) పాటు బంతిని వదలకుండా ఆడి, చివరికి మన్‌స్టర్ ఫ్లై హాఫ్ రోనన్ ఒగారా డ్రాప్ గోల్ కొట్టాడు. 23-21. అప్పుడు చూసినవాళ్లెవరూ మర్చిపోరు. ఒక్క ఫేజులో చెయ్యి జారినా, ఒక్కడు రక్‌లో తప్పుగా దూరి పెనాల్టీ ఇచ్చినా ఆట అక్కడితో అయిపోయేది. ఆ విజయంలో కొట్టిన కాలికి ఎంత వాటా ఉందో, ఆ 41 సార్లు బంతిని కాపాడిన చేతులకూ అంతే ఉంది.

బ్లూ వింగర్:
లక్ష్మి గారూ, మా వాడిని కూడా చెప్పండి మరి. 2018 ఫిబ్రవరి 3, పారిస్. ఫ్రాన్స్ మీద ఐర్లండ్ 12-13తో వెనకబడి ఉంది. జానీ సెక్స్‌టన్ దాదాపు 45 మీటర్ల దూరం నుంచి డ్రాప్ గోల్ కొట్టి 15-13తో గెలిపించాడు. అక్కడ కూడా లెక్క 41 ఫేజులే. ఆ ఏడాది గ్రాండ్‌స్లామ్ (సిక్స్ నేషన్స్ టోర్నీలో అన్ని మ్యాచ్‌లూ గెలవడం) మొత్తం ఆ కిక్ మీద నిలబడింది.

కానీ ఓపీ వాదనతో నేను పూర్తిగా ఏకీభవించను. ఎప్పుడూ వెడల్పు షాటే అంటే రక్‌లో ఏం జరిగిందో ఎలా తెలుస్తుంది? బంతి మీద చెయ్యి వేసినవాడు కాళ్ల మీద నిలబడ్డాడా, పక్కనుంచి దూరాడా అన్నది దగ్గర నుంచి చూస్తేనే తెలుస్తుంది. సగం పెనాల్టీలు వచ్చేది అక్కడే. రెఫరీ మైక్ వినబడుతుంది, ఎందుకు ఊదాడో చెబుతాడు, వెంటనే క్లోజప్ కనబడుతుంది. రగ్బీ ప్రసారంలో నాకు అన్నిటికన్నా నచ్చేది అదే. వేరే ఆటల్లో అంపైర్ మనసులో ఏముందో ఊహించుకోవాలి. ఇక్కడ ఆయన మాట ఇంట్లో కూర్చుని వింటాం.

థోమండ్ గాలి:
రెఫరీ మైక్ గురించి మీరన్నది అక్షరాలా నిజం. దాన్ని ఎవరైనా తీసేస్తామంటే మొదట అడ్డుపడేది నేనే. క్లోజప్ వద్దని కూడా అనడం లేదు. విజిల్ ఊదాక, ఆట ఆగాక ఎన్నైనా చూపించండి. బంతి ఆటలో ఉన్నప్పుడు వద్దంటున్నాను. ఇంకో బాధ రీప్లేలది. ట్రై పడిన తర్వాత నాలుగు కోణాలు వేస్తారు, సరే. కానీ బంతి టచ్‌లోకి (పక్క గీత బయటికి) వెళ్లగానే ముందు జరిగిన టాకిల్ (బంతి పట్టుకున్నవాడిని పడేయడం) రీప్లే మొదలుపెడతారు. ఈలోగా ఎవడో బంతి తీసుకుని క్విక్ త్రో (ఆగకుండా వెంటనే లోపలికి విసరడం) వేసేస్తాడు. మళ్లీ లైవ్‌కి వచ్చేసరికి ఆట ఇరవై మీటర్లు ముందుకు వెళ్లిపోయి ఉంటుంది. ఇది ఏ ఒక్క ఛానెల్‌నో అనడం కాదు, చాలా చోట్ల చూశాను.

కనాట్ పడమర:
డెర్బీ (ఇరుగుపొరుగు జట్ల పోటీ) అంటే మీ రెండు ప్రావిన్సులదేనా? ఐర్లండ్‌లో ఉన్నవి నాలుగు. కనాట్, అల్‌స్టర్ కూడా ఉన్నాయని గుర్తు చేయడానికి వచ్చాను.

టీవీ గురించి నాది ఇంకో ఫిర్యాదు. కామెంటరీ బాక్స్‌లో నోరు ఆగదు. థోమండ్ పార్క్‌లో ఒక పద్ధతి ఉంది, తెలియనివాళ్ల కోసం చెబుతున్నా: కర్రల వైపు పెనాల్టీ గానీ కన్వర్షన్ గానీ కొడుతుంటే స్టేడియం అంతా నిశ్శబ్దమైపోతుంది. కొట్టేవాడు సొంత జట్టువాడా, ఎదుటివాడా అన్న తేడా లేదు. పాతిక వేలమంది ఒకేసారి మాట ఆపేస్తారు. నేను వేరే జట్టు అభిమానిని, అయినా ఆ మర్యాదకి దండం పెడతాను. ఎదుటి జట్టు కిక్కర్లలో కొందరికి ఆ నిశ్శబ్దమే అరుపులకన్నా భయంకరంగా ఉంటుందట. టీవీలో మాత్రం సరిగ్గా ఆ సమయంలోనే ఈ సీజన్‌లో అతని శాతం ఎంత, గాలి ఎటు వీస్తోంది అని చెబుతుంటారు. మైకులు స్టేడియంలోనే ఉన్నాయి కదా, కాసేపు వాటిని విననివ్వండి.

లైనవుట్ లక్ష్మి:
కనాట్ పడమర గారి మాటకి వంద మార్కులు. ఆ నిశ్శబ్దాన్ని నేను స్టాండ్‌లో కూర్చుని విన్నాను. టీవీలో అది ఎప్పుడూ రాలేదు.

కామెంటరీ మాటొచ్చింది కాబట్టి టీజీ4 గురించి చెప్పాలి. అది 1996 అక్టోబర్ 31న మొదలైన ఐరిష్ భాషా ఛానెల్. లీగ్ మ్యాచ్‌లు ఉచితంగా, ఐరిష్ కామెంటరీతో ఇస్తుంది. మ్యాచ్ తర్వాత ఆటగాళ్లతో మాటలు చాలావరకు ఇంగ్లిష్‌లోనే ఉంటాయి, ఆట నడుస్తున్నంతసేపూ ఐరిష్. నాకు ఆ భాష రాదు. అయినా కొన్నాళ్లు అలా చూసేసరికి నాలో ఒక మార్పు వచ్చింది. చెప్పేవాళ్ల అభిప్రాయం అర్థం కాదు కాబట్టి కళ్లతో చూడటం అలవాటైంది. ఎవరు అలసిపోయారు, ఎవరు లైన్‌లోకి ఆలస్యంగా వస్తున్నారు అన్నది నేనే గమనించేదాన్ని. ఒక చిన్న భాషలో కామెంటరీ ఇచ్చి రగ్బీని ఊరూరా ఉచితంగా చేర్చిన ఛానెల్ అది. దాని గురించి ఎంత చెప్పినా తక్కువే.

కొత్త ప్రేక్షకుడు:
అక్కా, డబ్బు కట్టే ఛానెళ్ల గురించి ఎవరూ మాట్లాడటం లేదు. కొన్ని మ్యాచ్‌లు ఒక చోట, కొన్ని ఇంకో చోట. నాలాంటి కొత్తవాడు దేనికి కట్టాలో తెలియక సగం మ్యాచ్‌లు వదిలేస్తున్నాడు.

బ్లూ వింగర్:
తమ్ముడూ, ఇది చాలా పాత గొడవ. ఇది చెప్పాలంటే 2009కి వెళ్లాలి. మే 2, డబ్లిన్ క్రోక్ పార్క్, హైనెకెన్ కప్ (ఇప్పటి ఛాంపియన్స్ కప్) సెమీఫైనల్, లెన్‌స్టర్ మీద మన్‌స్టర్. మన్‌స్టర్ అప్పటి ఛాంపియన్. 2006 సెమీస్‌లో మమ్మల్ని 30-6తో చితకబాదారు, ఆ గాయం ఇంకా మానలేదు. ఆ రోజు స్టేడియానికి వచ్చినవాళ్లు 82,208 మంది. క్లబ్ రగ్బీలో అప్పటికి అది ప్రపంచ రికార్డు. మా ఫ్లై హాఫ్ ఫెలిపె కాంటెపోమి గాయపడి బయటికి వెళ్లాడు, కుర్రాడైన సెక్స్‌టన్ లోపలికి వచ్చి, వచ్చీరాగానే పెనాల్టీ కొట్టాడు. గోర్డన్ డార్సీ ట్రై, ల్యూక్ ఫిట్జ్‌జెరాల్డ్ ట్రై. తర్వాత ఒగారా పాస్‌ను మధ్యలో అందుకుని బ్రయన్ ఓడ్రిస్కల్ మైదానం పొడవునా పరుగెత్తాడు. 25-6. అక్కడి నుంచి ఎడిన్‌బరా వెళ్లి ఇంగ్లండ్ జట్టు లెస్టర్‌ను 19-16తో ఓడించి మా మొదటి యూరప్ కప్పు గెలిచాం.

అంత పెద్ద మ్యాచ్ లైవ్‌గా చూడాలంటే స్కై స్పోర్ట్స్ ఉండాలి. ఐర్లండ్ రగ్బీ చరిత్రను మార్చిన మ్యాచ్, డబ్బు కట్టనివాడికి లైవ్‌లో లేదు. మరుసటి ఏడాది, 2010లో, అప్పటి మంత్రి ఈమన్ రయన్ హైనెకెన్ కప్‌నీ, సిక్స్ నేషన్స్‌నీ ఉచిత ఛానెళ్లలో ఇవ్వాలని ప్రతిపాదన తెచ్చారు. ఐర్లండ్ రగ్బీ సమాఖ్య గట్టిగా ఎదిరించింది.

థోమండ్ గాలి:
ఎదిరించారు, తప్పు చేశారు అంటాను. పిల్లలు చూడని ఆటను పిల్లలు ఆడరు. 2009 తర్వాత లెన్‌స్టర్ చొక్కా కొన్న తరం ఆ మ్యాచ్‌ను పబ్బు కిటికీల్లోంచి చూసి ప్రేమించిన తరం. ఉచితంగా ఉంటే ఇంకెంతమంది వచ్చేవారో!

బ్లూ వింగర్:
లేదండీ, ఇక్కడ మీతో గట్టిగా విభేదిస్తాను. ఐర్లండ్‌లో ప్రావిన్సుల ఆటగాళ్ల కాంట్రాక్టులు, వాళ్లు ఎన్ని మ్యాచ్‌లు ఆడాలి, ఎప్పుడు విశ్రాంతి తీసుకోవాలి అన్నవి సమాఖ్య చేతిలో ఉంటాయి. ఆ విధానానికి డబ్బు కావాలి. ఫ్రాన్స్ క్లబ్బుల వెనక పెద్ద పెద్ద యజమానులు ఉన్నారు, పెద్ద టీవీ కాంట్రాక్టు ఉంది. మనకున్నది చిన్న దేశం, చిన్న మార్కెట్. టీవీ హక్కుల డబ్బు తగ్గితే ముందు వెళ్లిపోయేది ఆటగాళ్లు. సెక్స్‌టన్ అంతటివాడే రెండేళ్లు పారిస్‌కి ఆడి వచ్చాడు. ఉచితంగా చూపించి, మంచి ఆటగాళ్లు లేని జట్టును చూపిస్తే పిల్లలు దేన్ని ప్రేమిస్తారు?

కనాట్ పడమర:
ఈ ఇద్దరి మధ్యలో ఒక మాట. మొత్తం ఉచితం, మొత్తం చెల్లింపు అని రెండే దారులు లేవు. లీగ్‌లో ఇప్పటిదాకా మిశ్రమ పద్ధతి నడిచింది: కొన్ని మ్యాచ్‌లు ఆర్‌టీఈ (ఐర్లండ్ ప్రభుత్వ ఛానెల్), టీజీ4లో ఉచితంగా, అన్నీ కావాలంటే సబ్‌స్క్రిప్షన్. కనాట్ లాంటి జట్టుకు ఇది చాలా మేలు చేసింది. 2016లో మేం ఎడిన్‌బరాలో లెన్‌స్టర్‌ను 20-10తో ఓడించి ప్రో12 (ఇప్పటి యూఆర్‌సీ) గెలిచామంటే, అప్పటిదాకా మా ఊరు గాల్వే దాటి మమ్మల్ని గుర్తుపట్టినవాళ్లలో ఎక్కువమంది ఉచిత ఛానెళ్లలో చూసినవాళ్లే. యూరప్ కప్పుకు అలాంటి ఏర్పాటు గట్టిగా ఉండాలి. 2024-25 నుంచి అది బ్రిటన్, ఐర్లండ్‌లలో ప్రీమియర్ స్పోర్ట్స్‌కి వెళ్లింది. హక్కులు చేతులు మారిన ప్రతిసారీ కొత్త యాప్, కొత్త బిల్లు. అభిమాని విసిగిపోయేది ధర కన్నా ఈ తిప్పలకే.

మోడరేటర్:
చర్చ బాగుంది. ప్రసారాలను దొంగతనంగా చూపించే సైట్ల లింకులు పెట్టిన ఒక పోస్టు తీసేశాను. దయచేసి పెట్టకండి.

లైనవుట్ లక్ష్మి:
టీవీ వల్ల ఆట మారిన ఒక సందర్భం చెబుతాను. 2006 మే 20, కార్డిఫ్ మిలెనియం స్టేడియంలో హైనెకెన్ కప్ ఫైనల్, మన్‌స్టర్ మీద ఫ్రాన్స్ జట్టు బియారిట్స్. అంతకుముందు రెండు ఫైనల్స్ ఓడిపోయిన జట్టు మన్‌స్టర్. రెండో సగంలో ఆట బిగుసుకుపోయినప్పుడు స్టేడియంలో పెద్ద తెర మీద మన్‌స్టర్ సొంత ఊరు లిమెరిక్‌లోని ఓకానల్ వీధి చూపించారు. టికెట్లు దొరకని జనం వేలల్లో వీధి నిండా నిలబడి పెద్ద తెర మీద అదే మ్యాచ్ చూస్తున్నారు. ఆటగాళ్లు తలెత్తి చూశారు. ఆ దృశ్యం తమకు ఎంత బలమిచ్చిందో తర్వాత వాళ్లే చెప్పారు. 23-19తో గెలిచారు. కెమెరా అవతల ఉన్నవాళ్లను మైదానంలో ఉన్నవాళ్లకు చూపించడం, ప్రసారం చేయగలిగిన గొప్ప పని అది.

ప్రాప్ మూడో నంబర్:
దీనికి పూర్తిగా వ్యతిరేకం 1978 అక్టోబర్ 31. థోమండ్ పార్క్, మన్‌స్టర్ 12, ఆల్ బ్లాక్స్ 0. న్యూజిలాండ్‌ను ఓడించిన మొదటి ఐరిష్ జట్టు. టోనీ వార్డ్ రెండు డ్రాప్ గోల్స్ కొట్టాడు, క్రిస్టీ కాంటిలన్ ట్రై చేశాడు, దాని కన్వర్షన్ కూడా వార్డ్‌దే. మంగళవారం మధ్యాహ్నం మ్యాచ్, లైవ్ టీవీ లేదు. మైదానంలో ఉన్నది సుమారు 12 వేలమంది. ఆ తర్వాత "నేనూ అక్కడే ఉన్నా" అన్నవాళ్లు లక్షకు తగ్గరని లిమెరిక్‌లో నవ్వుకుంటారు. ఓపీ అడుగుతున్న వెడల్పు షాట్ కాదు కదా, అక్కడ మ్యాచ్ మొత్తం చూసుకునే వీలే లేకపోయింది. ఎనభై నిమిషాల పాటు ఆల్ బ్లాక్స్‌ను ఒక్క పాయింట్ కూడా చెయ్యనివ్వని ఆ టాకిల్స్ అన్నీ చూడాలని నాకెంత కోరికో!

థోమండ్ గాలి:
మూడో నంబర్ అన్నా, నా మనసులో మాట మీరు చెప్పేశారు. 1978లో కెమెరాలు లేక పోగొట్టుకున్నాం. ఇప్పుడు డజన్ల కొద్దీ కెమెరాలున్నా అవే టాకిల్స్ చూడలేకపోతున్నాం. 2023 సెమీస్‌లో లెన్‌స్టర్‌ను 15 దగ్గర ఆపింది కూడా డిఫెన్సే. అప్పటి మా ఫార్వర్డ్ పీటర్ ఓమాహనీ లాంటివాడు ఏ రక్‌లోకి వెళ్లాలి, ఏ రక్‌ను వదిలేసి లైన్‌లో నిలబడాలి అని క్షణంలో ఎలా తేల్చుకునేవాడో చూడాలంటే వెనక నుంచి, ఎత్తు నుంచి చూపించే కెమెరా కావాలి. కోచ్‌లు విశ్లేషణకు వాడేది అలాంటి దృశ్యమే. అభిమానికి కూడా దాన్ని రెండో స్ట్రీమ్‌గా ఇవ్వండి. సబ్‌స్క్రిప్షన్ డబ్బు తీసుకుంటున్నప్పుడు ఆ మాత్రం అడిగే హక్కు మనకుంది.

బ్లూ వింగర్:
రెండో స్ట్రీమ్ అంటే నేను కూడా సంతకం పెడతాను. మామూలు ప్రసారం మాలాంటివాళ్లకు, ఎత్తు కెమెరా మీకు. విశ్రాంతి గురించిన మాట మాత్రం వెనక్కి తీసుకోను. అంత చేసి కూడా ఆ శనివారం 17-0 ఆధిక్యం నుంచి 27-26తో ఓడిపోయాం. ఓడించిన ఫ్రాన్స్ జట్టు లా రోషెల్ కోచ్ ఎవరో తెలుసు కదా, ఒగారా! ఒక్క వారంలో రెండుసార్లు, ఒక్కో పాయింట్ తేడాతో, రెండుసార్లూ మన్‌స్టర్ మనుషుల చేతిలో. ఆ మే నెల గుర్తొస్తే ఇప్పటికీ కడుపు మండుతుంది.

కొత్త ప్రేక్షకుడు:
అన్నా, మీరందరూ చెప్పినవాటిలో పూర్తి మ్యాచ్‌గా ముందు ఏది చూడమంటారు? హైలైట్స్ చూడను, ఫార్వర్డ్స్ ఏం చేస్తారో చూడాలి.

లైనవుట్ లక్ష్మి:
2011 నార్తాంప్టన్ మ్యాచ్ దొరికితే దానితో మొదలుపెట్టు తమ్ముడూ. చివర్లో బంతిని చూడకు, ఎరుపు చొక్కాల్లో ఒక ఫార్వర్డ్‌ని ఎంచుకుని వాడి వెనకే వెళ్లు. ఎన్నిసార్లు పడి లేస్తాడో చూడు. తర్వాత 2009 క్రోక్ పార్క్ చూడు, లేకపోతే బ్లూ వింగర్ గారు ఊరుకోరు.

బ్లూ వింగర్:
ఊరుకోను. ఓడ్రిస్కల్ బంతి అందుకునే ముందు ఎక్కడ నిలబడ్డాడో చూడు. ఆ ఒక్కటి అర్థమైతే ఓపీ వెడల్పు షాట్ ఎందుకు అడుగుతున్నాడో తెలుస్తుంది.